నీళ్లు అడగని బ్యాటరీ

మా చెల్లెలి బ్యాటరీ బండి లారీల రోడ్డు నడిమధ్యలో ఆగిపోయినప్పుడు నేను క్యాంటీను కిటికీ దగ్గర నిలబడి పిండి కలుపుతున్నాను. ఆ కిటికీలోంచి చూస్తే ఫ్యాక్టరీ గేటు, గేటులోంచి ఏటవాలుగా దిగే రోడ్డు, దానికి అవతల కొత్త క్వార్టర్లు కనిపిస్తాయి. రోజూ ఆ వేళకి మా చెల్లెలు పాత క్వార్టర్ల నుంచి కొత్త క్వార్టర్లకి రోడ్డు దాటుతుంది. నేను చూడనట్టే చూస్తుంటాను. చూస్తున్నానని తెలిసిందో, నేనేమన్నా పసిపిల్లనా అని మూతి ముడుచుకుంటుంది.

ఆ రోజు ముందు చక్రాలు రోడ్డెక్కాయి, వెనక చక్రాలు ఎక్కాయి, బండి మధ్యకి వచ్చి నిలబడిపోయింది. గేటులోంచి సిమెంటు బస్తాల లారీ దిగుతోంది. నిండు లోడుతో దిగే లారీకి బ్రేకు ఎక్కడ పడుతుందో డ్రైవరుకే తెలియదు. వేరే ఎవరైనా అయితే దూకి పక్కకి పరిగెత్తేవాళ్లు. మా చెల్లెలు దూకలేదు. దాని కాళ్లు పుట్టిన ఏడాదికే చచ్చుబడిపోయాయి.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. పిండి చేతులతో, చెప్పుల్లేని కాళ్లతో ఎలా పరిగెత్తానో నాకే తెలియదు. లారీ హారన్ మోగుతూనే ఉంది, టైర్లు కీచుమంటున్నాయి. నేను రోడ్డు మీదికి వచ్చేసరికి లారీ మూతి బండి టాపుకి జానెడు దూరంలో ఆగి ఉంది. డ్రైవరు తిట్టడానికి తల బయటపెట్టి, బండిలో ఉన్న మనిషిని చూసి కిందికి దూకాడు. మా చెల్లెలు ఒళ్లో స్కూలు పిల్లల తెల్లచొక్కాల మూట పట్టుకుని కూర్చుంది. మొహంలో రక్తం చుక్క లేదు. నేను దాన్ని గట్టిగా పట్టుకోబోతే మూట వెనక్కి జరిపింది.

"అక్కా, ముందు ఆ పిండి చేతులు తుడుచుకో. తెల్లబట్టలు" అంది.

చావు కళ్ల ముందుకొచ్చి నిలబడితే చొక్కాల గురించి మాట్లాడే మనిషి మా చెల్లెలు. నేనూ ఆ డ్రైవరూ కలిసి బండిని పక్కకి తోశాం. పక్కకి చేరగానే అది చేతికడ్డీ లాగింది, బండి ఏమీ ఎరగనట్టు ముందుకి కదిలింది. నంగనాచి బండి. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. కోపమే ముందు బయటికొచ్చింది, అదెప్పుడూ అంతే.

దాని గురించి కాస్త చెప్పాలి. చిన్నప్పుడు దాన్ని నా వీపు మీద ఎక్కించుకుని బడికి తీసుకెళ్లేదాన్ని. కొంచెం ఎదిగాక నా వీపూ సరిపోలేదు, దాని సిగ్గూ ఒప్పుకోలేదు. బడి మానేసి కిటికీ దగ్గర కూర్చుంది. కూర్చుని కుట్టడం నేర్చుకుంది. చేత్తో తిప్పే మిషను మీద ఊరందరి బట్టలూ కుట్టింది గానీ ఆ బట్టలు వేసుకుని ఎవరు ఎక్కడికి వెళ్తున్నారో ఎప్పుడూ చూడలేదు. వయసంతా ఆ కిటికీ దగ్గరే గడిచిపోతుందని మేమంతా అనుకున్నాం. అనుకోవడమేమిటి, ఖాయం చేసుకున్నాం.

అప్పుడు మా మరిది వచ్చాడు. ఫ్యాక్టరీ వర్క్‌షాపులో ఫిట్టరు. ప్యాంటు బిగించుకోవడానికి వచ్చినవాడు, అదే ప్యాంటు వదులు చేయించుకోవడానికి మళ్లీ వచ్చాడు, మళ్లీ బిగించుకోవడానికి వచ్చాడు. నేను గుమ్మంలో నిలబడి, బాబూ ఆ నడుము ఒకచోట ఉండదా అని అడిగాను. ఎర్రగా కందిపోయి, పెళ్లి సంగతి చెప్పాడు. మాటలు తక్కువ, చేతులు ఊరుకోవు. ఏదో ఒక తీగ, ఏదో ఒక నట్టు ఎప్పుడూ వేళ్ల మధ్య ఉంటుంది.

పెళ్లయ్యాక, ఫ్యాక్టరీ గెస్ట్‌హౌసులో అతిథుల్ని తిప్పడానికి వాడిన చిన్న బ్యాటరీ బండి, గోల్ఫ్ కార్టు, ఒకటి పాడైపోయి షెడ్డు వెనక పడి ఉంటే, దాన్ని అడిగి తెచ్చుకున్నాడు. కాలితో తొక్కాల్సినవన్నీ చేతికందేలా రెండు కడ్డీలు పెట్టాడు, ఒకటి పోవడానికి, ఒకటి ఆగడానికి. వెనక సీటు పీకేసి కుట్టుమిషను బిగించాడు. మొదట్లో మిషను చేత్తోనే తిప్పుకునేది. ఒకరోజు అది కుట్టి కుట్టి చెయ్యి నొప్పెడుతోందని అన్న మాట ఆయన విన్నట్టు కూడా కనిపించలేదు. వారం తిరిగేసరికి మిషనుకి చిన్న మోటారు, పైన లైటు, పక్కన బుల్లి ఫ్యాను అన్నీ వచ్చేశాయి. స్విచ్చు నొక్కితే సూది పరుగు. అది నవ్వుతూ కళ్లు తుడుచుకుంటే నేను వేరేవైపు చూశాను.

ఇక చూడాలి. కాళ్లకి బలపం కట్టుకుని తిరగడమంటే ఏమిటో మా చెల్లెల్ని చూస్తేనే తెలిసేది. ఈ వీధిలో కొలతలు, ఆ వీధిలో గుండీలు, చెట్టు నీడన ఆపి అక్కడికక్కడే అంచు మడిచి కుట్టివ్వడం. బండి టైలరమ్మ అని పిల్లలు వెంటపడేవాళ్లు. ఎవరింట్లో పాప పుట్టిందో, ఎవరి తలుపుకి కొత్త రంగు వేశారో సాయంత్రానికి నాకు మోసుకొచ్చేది. రోజంతా కాళ్ల మీద నిలబడే నాకు వార్తలు చెప్పేది అది.

అందుకే ఆ రోజు లారీ సంగతి జరిగాక ఇంట్లో నేను వేసిన కేకలకి పక్క క్వార్టరువాళ్లు కిటికీలు మూసుకున్నారు. బండి అమ్మేయమన్నాను. ఇంట్లో కూర్చుని కుట్టుకోమన్నాను. బట్టలు వాళ్లే తెచ్చి ఇస్తారన్నాను. అది అన్నీ విని, దారం తెంపి, మళ్లీ ఆ కిటికీ దగ్గరికి పంపిస్తావా అక్కా అని మాత్రం అడిగింది. ఆ మాటకి నా గొంతు కాస్త తగ్గింది.

"సరే. ఒక్కటే మాట" అన్నాను. "ఈ బండి ఇంకొక్కసారి రోడ్డు మీద ఆగిందో, తాళంచెవి నా దగ్గరుంటుంది. ఇక అడక్కు."

"ఆగకపోతే?"

"ఆగకపోతే నేను నోరెత్తను."

"నువ్వు నోరెత్తకుండా ఉండటం చూడటానికైనా ఆగకుండా నడిపిస్తాను" అంది.

మా మరిది అప్పటిదాకా గోడ వైపు చూస్తున్నాడు. తప్పంతా చార్జరుదే అన్నాడు. అది గెస్ట్‌హౌసు నుంచి బండితోపాటు వచ్చిన ముసలి డబ్బా. పెట్టినప్పటి నుంచి చెవిలో జోరీగలా మూలుగుతుంది, ముల్లు ఒకచోట ఇరుక్కుపోతుంది, ఎప్పుడు నిండిందో చెప్పదు. సగం నిండిన బ్యాటరీలతో బండి సగం దారిలో ఆగక ఏం చేస్తుంది అన్నాడు. వినడానికి బాగానే ఉంది. నాకు తిట్టడానికి ఏదో ఒకటి కావాలి, చార్జరు దొరికింది.

మర్నాడు నేనూ మరిదీ కలిసి బ్యాటరీల షాపుకి వెళ్లాం. షాపాయన నెత్తి మీదికి కళ్లద్దాలు నెట్టుకుని, వచ్చినవాళ్లని డాక్టరులా ప్రశ్నలు అడిగే రకం. బండికి మొత్తం ఎన్ని వోల్టులు అన్నాడు. పన్నెండు వోల్టులవి నాలుగు వరసగా కలిపి ఉన్నాయి, నలభై ఎనిమిది అన్నాడు మరిది. నీళ్లు పోసే బ్యాటరీలా, లిథియమా అన్నాడు. నీళ్లవే. ఆ మాట సరిగ్గా చెప్పండి, ఒకదానికి పనికొచ్చే చార్జరు ఇంకోదాన్ని పాడు చేస్తుంది అన్నాడు. ప్లగ్గు ఎలా ఉంటుందో అడిగాడు. మరిది జేబులోంచి ప్లగ్గే తీసి చూపించాడు, ఊడదీసి తెచ్చాడు మహానుభావుడు.

నేను మాత్రం, ఇన్ని మాటలెందుకు, ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్దది ఇచ్చేయండి అన్నాను. షాపాయన నా వైపు జాలిగా చూశాడు. పెద్దది పెడితే బ్యాటరీలో నీళ్లు మరిగిపోతాయట, మరీ చిన్నది పెడితే తెల్లారినా నిండదట, బ్యాటరీ ఎంత మింగగలదో అంతే పెట్టాలట. మూడు డబ్బాలు ముందు పెట్టి, మధ్యది తీసి ఇచ్చాడు. నిండాక తనంతట తనే ఆగిపోయి పచ్చలైటు వెలిగించేది. ఇంట్లో చార్జరుకి కరెంటు ఎక్కడి నుంచి ఇస్తున్నారని కూడా అడిగాడు. వంటింటి కిటికీలోంచి సన్నటి పొడుగాటి వైరు లాగామని మరిది ఒప్పుకున్నాడు. అది తీసేసి లావుపాటి పొట్టి వైరు వేయమన్నాడు.

చివర్లో, బ్యాటరీలు బాగానే ఉన్నాయి కదా అని అడిగాడు.

మరిది మొహం వెలిగింది. "నిక్షేపంగా ఉన్నాయండీ. నీళ్లు నేనే పోస్తాను. మూడింటికి తరచూ పోయాలి గానీ, మొదటిది అసలు నీళ్లే అడగదు. బుద్ధిమంతురాలు."

షాపాయన తల ఎత్తి ఏదో అనబోయాడు. ఈలోగా కారు స్టార్టు కావడం లేదని ఒకాయన అరుచుకుంటూ లోపలికొచ్చాడు. మేం డబ్బా పట్టుకుని వచ్చేశాం.

కొత్త చార్జరు పెట్టిన రోజు ఇంట్లో ఒకటే సంబరం. పాతది తెల్లవార్లూ మూలిగేది. ఇది రెండు చొక్కాలకి గుండీలు కుట్టేలోపే పచ్చలైటు వెలిగించింది. చూశావా వదినా అన్నాడు మరిది. చూశాను, అసూయగా కూడా ఉంది, మా క్యాంటీను పొయ్యి ఇంత తొందరగా ఏదీ ఉడికించదు అన్నాను. ఇంత తొందరగా ఎలా నిండింది అని ఒక్కరం కూడా అడగలేదు. పచ్చలైటు చూస్తే మనిషికి ప్రశ్నలు రావు.

కొన్నాళ్లు పాత క్వార్టర్లలోనే తిరగమన్నాను. తిరిగింది. ఆగలేదు. అయితే సాయంత్రానికి కాస్త నీరసంగా నడుస్తోందని అది మరిదికి చెప్పిందట, నాకు మాత్రం చెప్పలేదు. నా నోటికి భయపడి ఇంట్లో సగం నిజాలు నా దాకా రావు.

తర్వాత ఒకరోజు అంచులు కుట్టిన తెరలు ఇవ్వడానికి కొత్త క్వార్టర్లకి బయలుదేరింది. ఈసారి నేను కిటికీ దగ్గర ఆగలేదు, రోడ్డు ఒడ్డుకే వచ్చి నిలబడ్డాను. దానికది నచ్చలేదు, నా వైపు చూడలేదు. పొద్దుటి నుంచి వీధుల్లో చెట్ల కింద కూర్చుని కుడుతూనే ఉంది, పైన లైటూ పక్కన ఫ్యానూ తిరుగుతూనే ఉన్నాయి. బండి రోడ్డు గట్టు ఎక్కింది. ముందు చక్రాలు తారు మీద పడ్డాయి. ఆగింది.

అది కడ్డీ లాగుతోంది, బండి కదలదు. గేటులోంచి లారీ దిగుతోంది. నేను వెనక నుంచి టాపు కమ్మీలు పట్టుకుని, కాళ్లు నేలకి తన్నిపెట్టి, ఒళ్లంతా బలం చేసి వెనక్కి లాగాను. బండి గట్టు దిగింది. లారీ మా ముందు నుంచి దుమ్ము రేపుకుంటూ పోయింది. ఆ దుమ్ములో మేమిద్దరం ఒకరినొకరం చూసుకోలేదు.

నేనేమీ అరవలేదు. అరవకపోతేనే అది భయపడింది. చెయ్యి చాపి తాళంచెవి తీశాను. కాలర్లకి లోపల వేసే గట్టి గుడ్డపట్టీకి దాన్ని కట్టి పెట్టుకుంటుంది అది. ఆ పట్టీ నా మెడలో వేసుకుని గట్టిగా ముడేశాను.

"మాట ఇచ్చావు" అన్నాను.

"ఇచ్చాను" అంది. అంతే.

ఆ తర్వాత రోజులు తలుచుకుంటే ఇప్పటికీ బాగుండదు. అది మళ్లీ కిటికీ దగ్గర కూర్చుంది. ఏడవలేదు, అలగలేదు, పెట్టింది తింది, అడిగితే జవాబు చెప్పింది. కొత్త క్వార్టర్ల నుంచి ఎవరో పిల్లాడు చిరిగిన సంచి తెచ్చి ఇస్తే, మీ తలుపుకి ఇంకా ఆకుపచ్చ రంగేనా అని అడిగింది. ఏమోనండీ చూడలేదు అన్నాడు వాడు. దాని చెయ్యి సూది మీద ఆగిపోయింది. నేను వంటింట్లోకి వెళ్లి గిన్నెలు కడిగినవే మళ్లీ కడిగాను. మెడలో తాళంచెవి గుచ్చుకుంటూ ఉంది. తీసివ్వాలనిపించేది. వెంటనే ఆ లారీ మూతి కళ్ల ముందు కనిపించేది. దాన్ని చంపుకోవడం కన్నా ఏడిపించుకోవడం నయం అనుకున్నాను. అలా అనుకుని కూడా నిద్ర పట్టేది కాదు.

మరిది మాత్రం తాడో పేడో తేల్చుకోవాలన్నట్టు చార్జరు మీద పడ్డాడు. ప్లగ్గు విప్పాడు, దాని పిన్నులు గట్టిగా పట్టుకుంటున్నాయో లేదో చూశాడు. ఫ్యూజు చూశాడు. వైర్లు వేళ్లతో తడిమి ఎక్కడైనా వేడెక్కుతోందేమో చూశాడు. బ్యాటరీల బొడిపెల మీద తెల్లగా పట్టిన పొడిని బ్రష్షుతో తోమి మళ్లీ బిగించాడు. చివరికి చార్జరు చంకన పెట్టుకుని షాపుకి వెళ్లాడు. షాపాయన దాన్ని తన దగ్గరున్న వేరే బ్యాటరీలకి పెట్టి చూసి, ఇందులో ఏ లోపమూ లేదు, నీ బ్యాటరీలు కొలిచి చూడు అని వోల్టులు చూపే మీటరు ఒకటి ఇచ్చి పంపాడు. మరిది ఇంటికి వచ్చి, నాలుగు బ్యాటరీల వరసకి రెండు చివర్లా మీటరు పుల్లలు పెట్టి చూస్తే యాభైకి దగ్గరగా చూపించింది. మొత్తం బాగానే ఉంది కదా వదినా, మరి ఎందుకు ఆగుతోంది అని మెట్ల మీద కూలబడ్డాడు. ఆ మీటరు మెట్ల మీదే వదిలేసి మర్నాడు డ్యూటీకి వెళ్లిపోయాడు.

ఆ పూట నాకు సెలవు. మా చెల్లెలు కిటికీ దగ్గర కొలతల టేపు వేళ్లకి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చాలాసేపు కూర్చుంది. తర్వాత నన్ను పిలిచింది.

"అక్కా, నలుగురి నడుములూ కలిపి ఒకే టేపు వేసి కొలిస్తే, ఎవరి లాగు వదులో ఎలా తెలుస్తుంది?"

"ఏ నలుగురే?"

"బ్యాటరీలు. ఆయన నాలుగూ కలిపి కొలిచారు. నన్ను బండి షెడ్డులోకి తీసుకెళ్లు, విడివిడిగా కొలుద్దాం."

నాకు అర్థమైందని చెప్పను. దాని గొంతులో మాత్రం ఇన్ని రోజులుగా లేనిదేదో ఉంది, అందుకని లేచాను. చంకకర్రల సాయంతో షెడ్డుదాకా వచ్చింది, మెట్టు దిగేటప్పుడు వీపు ఇచ్చాను. స్టూలు మీద కూర్చోబెట్టి బండి సీటు ఎత్తాను. నాలుగు నల్లటి డబ్బాలు, వాటి మధ్య లావుపాటి వైర్లు. అది మీటరు పట్టుకుంది, నేను ఎర్రపుల్ల ఒకచోట నల్లపుల్ల ఒకచోట పెట్టాను. ఇందులో ఏదైనా తేలకపోతే ఇక దానికి కిటికీయే గతి అని ఇద్దరికీ తెలుసు.

చివరి బ్యాటరీ, పన్నెండు దాటి పదమూడు దగ్గరికి. దాని పక్కది, అంతే. మూడోది, అంతే. మొదటిది, మిషను పక్కన ఉండే బుద్ధిమంతురాలు, పదకొండు దగ్గర కొట్టుమిట్టాడుతోంది. పుల్ల సరిగ్గా తగల్లేదేమోనని గట్టిగా అదిమాను. అంకె మారలేదు.

మా చెల్లెలు మీటరు ఒళ్లో పెట్టుకుని ఆ మొదటి బ్యాటరీ వైపే చూస్తోంది. లావు వైర్లు కాక, దాని బొడిపెల నుంచి సన్నటి వైర్లు రెండు వెనక్కి పోతున్నాయి. నీట్‌గా, మడతపడకుండా, అక్కడక్కడా గుడ్డపట్టీతో కట్టినవి. అవి ఎక్కడికి పోతున్నాయో మా ఇద్దరికీ తెలుసు. మిషను మోటారుకి, లైటుకి, బుల్లి ఫ్యానుకి.

మా చెల్లెలు నాకు చెప్పిన విధానం ఇది. బండి నడవడానికి నలుగురూ కలిసి పని చేస్తారు. నేను కుట్టుకున్నంతసేపూ మాత్రం పని అంతా ఈ ఒక్కదాని నెత్తి మీదే. ఇది ఖాళీ అయిపోతుంది, మిగతా మూడూ నిండుగానే ఉంటాయి. చార్జరు నలుగురినీ కలిపి చూస్తుంది, మూడింటి నిండుతనం చూసి పచ్చలైటు వేసేస్తుంది. మూడూ ఎక్కువ తిని నీళ్లు తాగుతున్నాయి. ఇది నీళ్లు అడగకపోవడం బుద్ధి కాదు అక్కా, దీనికి తిండే అందలేదు.

పాపం, ఇంట్లో ఏమీ అడగని మనిషిని చూసి ఈమెకి ఏ లోటూ లేదనుకుంటాం చూడండి, అలాగే అయింది. నాకు మాత్రం ముందు మరిది మీదే మండింది. పెద్ద ఫిట్టరు, ఇంత తెలివి, తిన్నగా నాలుగింటి నుంచీ తీసుకోవాలని తెలియదా, రానీ, చెప్తాను అని లేచాను. మా చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది.

"ఆయనకి నేను చెప్తాను. నువ్వు ఒక్కమాట అన్నా నీతో మాట్లాడను."

"నిన్ను లారీ కిందకి తోసేవాడే."

"నా చెయ్యి నొప్పెడుతోందని పెట్టిన తీగ అక్కా అది" అంది. కళ్లు నిండాయి. లారీ ముందు నిండని కళ్లు.

సాయంత్రం మరిది రాగానే షెడ్డులోకి రమ్మంది. నేను గుమ్మంలో నిలబడ్డాను, నోటికి తాళం వేసుకుని. అది ఏమీ వివరించలేదు. మీటరు ఆయన చేతికిచ్చి, విడివిడిగా చూడండి అంది. ఆయన చివరి నుంచి మొదలుపెట్టాడు. మొదటి దాని దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాడు. మీటరు చూశాడు, సన్నవైర్లు చూశాడు, అవి పోయిన దారి వెంట కళ్లతో వెళ్లి మిషను దగ్గర ఆగాడు. ఫిట్టరు కదా, ఇంకెవరూ చెప్పక్కర్లేదు. నేల మీద చతికిలబడ్డాడు.

"రోడ్డు మధ్యలో నిన్ను నిలబెట్టింది నేనా?" అన్నాడు.

ఆ గొంతు విన్నాక, పొద్దుటి నుంచి నేను దాచుకున్న తిట్లన్నీ ఎక్కడికి పోయాయో తెలియదు. ఆయన లేచి కటింగ్ ప్లయరు తీసుకున్నాడు, ఆ రెండు వైర్లూ అక్కడికక్కడే కత్తిరించేయబోయాడు. అది స్టూలు మీద నుంచి వంగి ఆయన చెయ్యి ఆపింది.

"తెంపకండి. నాకు మిషనూ కావాలి, బండీ కావాలి. మీరు చేసిందేదీ నేను వదులుకోను. దారి మార్చండి."

మర్నాడే షాపాయన దగ్గరికి వెళ్లారు. వినగానే ఆయన నుదురు కొట్టుకున్నాడట, నీళ్లు అడగదు అన్నప్పుడే నేను ఆపి అడగాల్సింది అన్నాడట. నాలుగు బ్యాటరీల నుంచీ సమానంగా తీసుకుని నలభై ఎనిమిదిని పన్నెండు చేసి ఇచ్చే కన్వర్టరు డబ్బా ఒకటి ఇచ్చాడు, మిషను వైర్లు దానికి కలపమన్నాడు. మొదటి బ్యాటరీకి విడిగా చిన్న చార్జరు పెట్టి నింపమన్నాడు. లేస్తే సరి, లేవకపోతే కొత్తది వేయాలి, ఆశ మాత్రం వదలకండి అన్నాడు. మరిది దాన్ని జ్వరం వచ్చిన బిడ్డలా చూసుకున్నాడు. డ్యూటీకి పోతూ చూసేవాడు, వస్తూ చూసేవాడు. నేనూ చూశాను, ఎవరూ లేనప్పుడు. మెల్లగా లేచింది. తర్వాత నాలుగూ కలిపి కొత్త చార్జరు పెడితే ఈసారి పచ్చలైటు తొందరపడలేదు, రాత్రంతా తీసుకుంది. కొన్నాళ్లు కుట్టి, తిప్పి, కొలిచి చూశారు. నాలుగూ సమానం. మొదటిది మొదటిసారి నీళ్లు అడిగిన రోజు మరిది నన్ను పిలిచి మరీ చూపించాడు.

ఇక తాళంచెవి మిగిలింది. మా చెల్లెలు అడగలేదు. మాట ఇచ్చింది కదా, అడగదు, మొండిఘటం. నేనే వెళ్లి దాని ముందు నిలబడి ముడి విప్పబోయాను. రోజూ చెమటకి తడిసి, ఎండి, ముడి రాయిలా బిగుసుకుపోయింది. నా వేళ్లకి రాలేదు. అది నన్ను కిందికి వంగమని, సూది మొన ముడిలోకి దూర్చి, నా మెడ దగ్గర ఊపిరి తగిలేంత దగ్గరగా కూర్చుని మెల్లగా విప్పింది. నేను దాని చెవిలో, నాకు భయమే, నిజంగా భయం అన్నాను. తెలుసు అంది. నువ్వు వెనకాల రాకు, ముందే రోడ్డు దాటి కొత్త క్వార్టర్ల వైపు నిలబడు అంది.

నిలబడ్డాను. బండి పాత క్వార్టర్ల మలుపు తిరిగి వచ్చింది. పొద్దుటి నుంచి కుడుతూనే ఉంది, కావాలనే, లైటూ ఫ్యానూ వేసుకుని మరీ. మరిది అవతలి ఒడ్డున సైకిలు పట్టుకుని నిలబడ్డాడు, దాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నాడో సైకిలుకే తెలియాలి. లారీ దిగుతోంది. మా చెల్లెలు గట్టు దగ్గర ఆపి, లారీని పోనిచ్చి, కడ్డీ లాగింది. ముందు చక్రాలు ఎక్కాయి. వెనక చక్రాలు ఎక్కాయి. అది ఆగే చోటు వచ్చింది. నేను ఊపిరి తీసుకోవడం మానేశాను. బండి ఆ చోటు దాటింది, రోడ్డు దిగింది, నేరుగా వచ్చి నా ముందు ఆగింది.

"ఎక్కు" అంది.

"నాకు పనుంది. పిండి సగంలో వదిలేసి వచ్చాను."

"చిన్నప్పుడు నన్ను వీపు మీద ఎక్కించుకునేటప్పుడు నీకు పనుందా లేదా అని నేనెప్పుడైనా అడిగానా? ఎక్కు."

నేను ఎక్కాను. అది బండి వెనక్కి తిప్పి మళ్లీ లారీల రోడ్డు వైపే పోనిచ్చింది, కావాలనే. గేటు దగ్గర లారీ కనిపించగానే నేను కళ్లు గట్టిగా మూసుకుని దాని భుజం పట్టుకున్నాను. కళ్లు తెరిచేసరికి అవతలి ఒడ్డున ఉన్నాం, అది నన్ను చూసి నవ్వుతోంది. భుజం మీద నుంచి నా చెయ్యి తీస్తూ, చూసుకో అక్కా, కొత్త జాకెట్టు, నీ చేతికి పిండి ఉంది అంది.